జేబులో ఒదిగే చిన్న మడత చాకు: ఎంచుకోవడం, వాడటం, చెన్నై తేమ నుంచి కాపాడుకోవడం

చొక్కా జేబులో కలం ఎందుకుందని ఎవరూ అడగరు. ప్యాంటు జేబులోంచి చాకు తీస్తే మాత్రం పక్కనున్నవారి చూపు ఒక్కసారి అటు తిరుగుతుంది. ఇక్కడ వివరించబోయే చాకు ఆ చూపులోని అనుమానం మరుక్షణమే పోయేటంత చిన్నది. మూసినప్పుడు చూపుడువేలంత ఉంటుంది, తెరిచినప్పుడు అరచేతిని కొద్దిగా దాటుతుంది. కొరియర్ పొట్లం మీది టేపు, మిఠాయి డబ్బాకు కట్టిన దారం, కొత్త చొక్కా మెడ దగ్గర గుచ్చుకునే లేబులు, మధ్యాహ్నం ఆఫీసులో నలుగురు పంచుకునే జామకాయ, ఇవే దీని పనులు. ఇంగ్లీషువారు ‘జెంటిల్‌మన్స్ నైఫ్’ అని పిలుచుకున్నది దీన్నే. దీని విలువంతా ఆ చిన్నతనంలోనే ఉంది కనుక, కొనేటప్పుడూ వాడేటప్పుడూ దాచేటప్పుడూ దాన్ని పోగొట్టుకోకుండా చూసుకోవాలి.

ఇది మనకు పరాయి వస్తువని అనుకోనక్కరలేదు. ఐరోపాలో బాతు ఈక కలాల మొన చెక్కుకోవడానికి రాతగాళ్లు ఉంచుకున్న చిన్న చాకుకే పెన్‌నైఫ్ అన్న పేరు నిలిచింది. తాటాకుల మీద రాసిన కాలంలో దక్షిణాదివారికీ అదే అవసరం ఉండేది. ఒకే పిడిలో ఒకవైపు ఘంటం, మరోవైపు ఆకు అంచులు కోసే చాకు మడతపడి ఉండే పనిముట్టును తమిళులు మడక్కెళుత్తాణి అన్నారు, అంటే మడిచే ఘంటం. జేబులో కలమూ చాకూ పక్కపక్కన ఉంచుకునేవాడు ఆ పాత రాతగాడి వరుసలోనివాడే.

ముందుగా చట్టం సంగతి

1959 నాటి ఆయుధాల చట్టం కేవలం ఇంటి పనికీ వ్యవసాయానికీ రూపొందించిన వస్తువులను ఆయుధాలుగా లెక్కించదు. ఆ చట్టం కింద చేసిన నియమాల పట్టికలో కత్తులు, బాకులు, ఈటెల వరుసలో చేరే చాకులకు ఇచ్చిన కొలత 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు. మనం మాట్లాడుకుంటున్న చాకు ఆ పొడవులో మూడో వంతుకూడా ఉండదు. అయితే కొలత ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు. బటన్ నొక్కగానే స్ప్రింగు బలంతో తెరుచుకునే చాకులను చట్టం వేరే కంటితో చూస్తుంది. ఢిల్లీలో 1980 నాటి నోటిఫికేషన్ అలాంటి యాంత్రిక చాకులకు 7.62 సెంటీమీటర్ల పొడవు, 1.72 సెంటీమీటర్ల వెడల్పు అన్న హద్దు పెట్టింది. మీరుండేది చెన్నైలోనే అయినా రైలెక్కి ఢిల్లీ వెళ్లినప్పుడు జేబు కూడా మీతోనే వస్తుంది. అందుచేత బటన్ చాకు జోలికి అసలు పోకపోవడమే మంచిది.

ఎన్నికలు, ఉత్సవాలు, ఉద్రిక్తతల సమయంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు రావచ్చు. 2024 జూలై 1కి ముందు ఇదే అధికారం పాత నేర ప్రక్రియా స్మృతి 144వ సెక్షన్‌లో ఉండేది. అటువంటి రోజుల్లో చాకును మేజా సొరుగులో ఉంచడమే విజ్ఞత. అన్నిటికంటే ముఖ్యంగా, ఎవరైనా అడిగితే ‘రక్షణ కోసం’ అన్న జవాబు మీ నోట రాకూడదు, ఎందుకంటే ఆ మాటతో పండ్లు కోసే వస్తువు ఆయుధంగా మారిపోతుంది. నిజానికి ఇంత చిన్న చాకు ఎవరినీ రక్షించలేదు కూడా.

ఎంచుకునే పద్ధతి

మొదట తేల్చుకోవలసినది పొడవు. అలుగు, అంటే పిడిలోంచి బయటికి వచ్చే ఉక్కు భాగం, 4 నుంచి 7 సెంటీమీటర్ల మధ్య ఉంటే చాలు. 4 సెంటీమీటర్లకు తగ్గితే టేపు, దారం కోయడానికి సరిపోతుంది కాని మామిడిపండు దగ్గర చేతులెత్తేస్తుంది. 7 దాటితే జేబులో బరువు తెలుస్తుంది, చూసేవారికీ ఇబ్బందిగా ఉంటుంది. పొడవుకంటే ఎక్కువ పట్టించుకోవలసినది మందం. వీపు (పదును లేని పై అంచు) దగ్గర 2 మిల్లీమీటర్లు మించని అలుగు పండులోకి సాఫీగా దిగుతుంది. మందపు అలుగు ఎంత పదునుగా ఉన్నా యాపిల్‌ను కోయదు, చీలుస్తుంది.

తరువాత, తెరిచిన అలుగు దేని ఆధారంతో నిలబడుతుందో చూడాలి. పాతకాలపు జేబు చాకుల్లో పిడి వెన్నంటి ఒక బిగువైన ఉక్కు పట్టీ ఉండి, అలుగు మొదలును ఎప్పుడూ నొక్కిపెడుతూ ఉంటుంది. దీనికి తాళం ఉండదు. స్ప్రింగు బిగువే అలుగును తెరిచినచోట తెరిచినట్టు, మూసినచోట మూసినట్టు నిలుపుతుంది. దీన్ని స్లిప్‌జాయింట్ అంటారు, మొదటి చాకుగా నా ఓటు దీనికే. రెండు చేతులతో నెమ్మదిగా తెరవవలసి రావడం దీని లోపమని కొందరంటారు. నా దృష్టిలో అదే దీని మర్యాద, ఎందుకంటే ఒంటిచేత్తో టక్కున విదిలించి తెరిచే చాకు ఎంత చిన్నదైనా చుట్టూ ఉన్నవారిని ఉలిక్కిపడేలా చేస్తుంది.

తయారీదారుల్లో రెండు పేర్లు చెబితే రెండు ధోరణులు అర్థమవుతాయి. స్విట్జర్లాండ్‌లో కార్ల్ ఎల్సెనర్ 1884లో ప్రారంభించిన సంస్థే నేటి విక్టోరినాక్స్. ఎర్రపిడి చాకుకు మూలమైన ఆఫీసర్ చాకును ఆయన 1897లో నమోదు చేయించాడు. ఆ సంస్థ క్లాసిక్ రకం మూసినప్పుడు 58 మిల్లీమీటర్లే, తాళంచెవుల గుత్తికి తగిలించుకోవచ్చు. అల్యూమినియం పిడితో వచ్చే కేడెట్ రకం 84 మిల్లీమీటర్లు ఉండి, పండ్లకూ పొట్లాలకూ సమానంగా పనికొస్తుంది. రెండోది ఫ్రాన్స్‌లోని సవోయ్ పర్వతప్రాంతానికి చెందిన ఒపినెల్, 1890లో పుట్టింది. గుండ్రని చెక్కపిడి, పలుచని అలుగు, 1955లో చేర్చిన లోహపు ఉంగరపు తాళం దీని గుర్తులు. కోతలో ఒపినెల్‌కు సాటి తక్కువ. అయితే దాని చెక్కపిడికీ చెన్నై వానాకాలానికీ ఉన్న పేచీ గురించి కింద చెబుతాను.

మొన ఆకారం విషయంలో ఒక సలహా. వాదర, అంటే కోసే అంచు, నిటారుగా ఉండి, వీపు వంపు తిరిగి మొన దగ్గర దానితో కలిసే ఆకారాన్ని గొర్రెకాలి డెక్కతో పోల్చి షీప్స్‌ఫుట్ అంటారు. పొట్లాలు విప్పేవారికి ఇది ఎంతో అనుకూలం, ఎందుకంటే పొడుచుకునే మొన లేదు కనుక లోపలి వస్తువుకు గాటు పడదు, చూడటానికీ సాధువుగా ఉంటుంది.

దుకాణంలో చేతికి తీసుకున్నాక హడావుడి పడకండి. అలుగు పక్కన గోరు ఆనేందుకు చెక్కిన గాడిలో బొటనవేలి గోరు పెట్టి మెల్లగా తెరవండి, గోరు విరిగేంత బిగువు ఉండకూడదు, ఊరికే జారిపోనూ కూడదు. పూర్తిగా తెరిచి అలుగును అటూ ఇటూ కదపండి, కీలు దగ్గర కదలిక తెలిస్తే పక్కన పెట్టేయండి. పిడిని దీపానికి అడ్డంగా పట్టి చూడండి, స్ప్రింగుకూ పక్క పలకలకూ మధ్య వెలుతురు గీత కనిపిస్తే బిగింపు సరిగా లేనట్టే, ఆ సందులోంచే రేపు తేమ దూరుతుంది. మూసేటప్పుడు అలుగు ఒక పలకకు రాసుకోకుండా నడిమధ్యకు దిగాలి. వాదర లోపలి స్ప్రింగుకు కొట్టుకోవడం చాలా మంది గమనించని లోపం. అలా కొట్టుకున్న చోట మూసిన ప్రతిసారీ పదును చదునవుతుంది. అది తెలుసుకోవడానికి, వాదర మీద చిన్న కాగితం ముక్క పెట్టి మూసి, తెరిచి చూస్తే సరిపోతుంది, కాగితం తెగితే వాదర అడుగుకు తగులుతున్నట్టు.

పాత వస్తువుల దుకాణాల్లో దుప్పికొమ్ము పిడి, దంతపు పిడి చాకులు కనిపించినప్పుడు ముచ్చటపడి కొనవద్దు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉన్న దేశంలో అవి చట్టపరమైన చిక్కులు తెచ్చే వస్తువులు.

ఉక్కు, పిడి, సముద్రపు గాలి

చెన్నైలో చాకు కొనేవారు బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉండే మిత్రుడి సలహాను యథాతథంగా పాటిస్తే చిక్కుల్లో పడతారు. నా మొదటి చాకు కార్బన్ ఉక్కుది. పొడి గాలి ఉన్న ఊళ్లో అది ఏళ్ల తరబడి మెరిసేది. నేను దాన్ని కొన్నది ఒక సెప్టెంబరులో. ఈశాన్య రుతుపవనాలు వచ్చి, రెండు వారాలు బీరువాలో తోలు ఒరలో మరిచిపోయి తీసేసరికి అలుగు మీద నారింజ రంగు చుక్కలు పొడిచాయి. తప్పు ఉక్కుది కాదు, ఒరది, నాది. తోలు తేమను పీల్చి పట్టి ఉంచుతుంది, పచ్చి చర్మాన్ని తోలుగా ఊనడంలో వాడిన పదార్థాల శేషం ఉక్కును తింటుంది. జేబులో పెట్టుకుని తిరిగేటప్పుడు తోలు సంచి పర్వాలేదు కాని అందులోనే నిలవ ఉంచకూడదు.

కార్బన్ ఉక్కు త్వరగా పదునెక్కుతుంది. నిమ్మ, మామిడి, చింతపండు పులుపు తగిలితే నీలి బూడిదరంగు పొర కడుతుంది. ఆ పొర తుప్పు కాదు, కొంతవరకు తుప్పును అడ్డుకుంటుంది కూడా. దాన్ని తోమి పోగొట్టనక్కరలేదు. రోజూ తుడిచే ఓపిక ఉన్నవారు కార్బన్ తీసుకోవచ్చు. మిగిలినవారికి స్టెయిన్‌లెస్ మేలు. కనీసం 10.5 శాతం క్రోమియం ఉంటేనే ఉక్కును స్టెయిన్‌లెస్ అంటారు, చాకుల్లో సాధారణంగా 13 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ క్రోమియం ఉపరితలం మీద కంటికి కనిపించని ఆక్సైడ్ పొరగా ఏర్పడి ఉక్కును కాస్తుంది. అయితే ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు శత్రువు. బీచ్‌లో మిరప బజ్జీ, మామిడి ముక్కలు తిన్నాక ఉప్పూకారం అంటిన చాకును అలాగే మడిచి జేబులో వేసుకుంటే స్టెయిన్‌లెస్ మీద కూడా సూదిమొనంత గుంటలు పడతాయి. మరక పడనిదన్న పేరును తుప్పే పట్టనిదని అర్థం చేసుకోకూడదు.

చెక్కపిడి తేమకు ఉబ్బుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒపినెల్ అలుగు పిడిలో బిగుసుకుని గోరుకు లొంగదు. సవోయ్ వాసులకు దీనికి ఒక చిట్కా ఉంది. తాళపు ఉంగరం మూసిన స్థితిలో లేకుండా చూసుకుని, పిడి చివరను బల్ల అంచు మీద మెల్లగా తట్టితే అలుగు కొద్దిగా బయటికి వస్తుంది. చిట్కా బాగానే ఉంటుంది కాని ఆఫీసులో రోజూ బల్ల తట్టడం ఎవరికి ఇష్టం? అల్యూమినియం, ప్లాస్టిక్, గుడ్డపొరలను రెసిన్‌తో ఒత్తి చేసే మైకార్టా పిడులు ఈ ఊరికి సరిగ్గా సరిపోతాయి.

తెరవడం, కోయడం, అందించడం

తెరిచేటప్పుడు ఒక చేత్తో పిడిని రెండు పక్కల నుంచి పట్టుకుని, రెండో చేతి గోటితో అలుగును పూర్తిగా వెనక్కు లాగాలి. మూసేటప్పుడు పిడి పట్టిన చేతి వేళ్లన్నీ పక్కలకే పరిమితమై ఉండాలి, అలుగు దిగే గాడికి అడ్డంగా వేలి కొనకూడా రాకూడదు. రెండో చేతి అరచేత్తో అలుగు వీపును నొక్కితే చాలు. ఈ చాకుతో జరిగే గాయాలు చాలావరకు మూసేటప్పుడే జరుగుతాయి. తాళం లేని చాకుతో పొడవడం, గుచ్చి మెలితిప్పడం ఎప్పుడూ చేయకూడదు, ఎందుకంటే ఒత్తిడి తిరగబడితే అలుగు వేళ్ల మీదికే మడతపడుతుంది. కొబ్బరికాయ, చెరుకు, డబ్బా మూత, స్క్రూ, ఇవేవీ దీని పనులు కావు. మొన విరిగిన చాకుల్లో ఎక్కువ భాగం స్క్రూడ్రైవర్‌గా వాడినవే.

మన ఇళ్లలో ఉప్పును చేతికివ్వకుండా పళ్లెంలో పెట్టి జరిపినట్టే, చాకును కూడా మూసి, బల్ల మీద పెట్టి ఇవ్వడం మంచి అలవాటు. తీసుకున్నవారు తిరిగి ఇచ్చేటప్పుడూ మూసే ఇవ్వాలని ముందే చెప్పండి, మొహమాటపడనక్కరలేదు.

పదును పెట్టడం

వీధుల్లో సైకిల్ చక్రం తొక్కుతూ ‘కత్తి సాణై’ అని కేకవేస్తూ సానపట్టేవారు వస్తారు. వారి తమిళ సాణై, మన సాన ఒకే మాట. కత్తిపీటకూ కొడవలికీ వారిని మించినవారు లేరు. కాని 2 మిల్లీమీటర్ల మందం లేని అలుగును తిరిగే పొడిరాయికి ఆనిస్తే అంచు క్షణాల్లో వేడెక్కి ఉక్కు గట్టిదనం దిగిపోతుంది, పైగా ఒక్కసారికే రెండేళ్ల వాడకానికి సరిపడా లోహం అరిగిపోతుంది. ఈ పని ఇంట్లోనే చేసుకోవాలి.

ఒకవైపు గరుకైన 400, మరోవైపు నునుపైన 1000 నంబరు ఉన్న రెండు ముఖాల రాయి ఒక్కటి చాలు. మురుగప్ప వ్యాపార వర్గానికి చెందిన, నూరే సామగ్రి తయారుచేసే కార్బొరండం యూనివర్సల్ 1954లో పుట్టిన ఊరు ఈ చెన్నై, ఇక్కడి ప్యారీస్ కార్నర్ ప్రాంతపు హార్డ్‌వేర్ వీధుల్లో సానరాళ్లకు కొదవ లేదు. రాయి కింద తడిగుడ్డ పరిచి జారకుండా చూసుకోండి, రాతిని నీటితో తడపండి. వాదర పూర్తిగా మొద్దుబారితే తప్ప 400 వైపు తిప్పవద్దు.

ఇక కోణం. ఒక్కో వైపు 15 నుంచి 20 డిగ్రీలు ఉండాలని తయారీదారులు చెబుతారు కాని కంటితో డిగ్రీలు కొలవడం కష్టం. దానికి బదులు వీపు రాతికి ఎంత ఎత్తులో ఉందో చూసుకోవచ్చు. అలుగు వెడల్పు 12 మిల్లీమీటర్లయితే వీపు రాయి నుంచి 3 లేదా 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు ఆ కోణం దానంతటదే వస్తుంది. వాదర మీద ముందుగా మార్కర్ పెన్నుతో రంగు పూయండి. నాలుగు గీతలు నూరాక రంగు అంచు వరకూ పోతే కోణం సరైనది, అంచు దగ్గర రంగు మిగిలితే వీపును ఇంకొంచెం ఎత్తాలి, అంచు దగ్గర మాత్రమే పోతే కొంచెం దించాలి.

పలుచని పొర చెక్కుతున్నట్టుగా, వాదర ముందుండేలా, మొదలు నుంచి మొన వరకు ఒకే ఊపులో నడపండి. బలం అక్కరలేదు, చాకు బరువుకు వేలి బరువు తోడైతే చాలు. ఒకే వైపు నూరుతూ పోతే కొంతసేపటికి అవతలి వైపు అంచున గరుకైన సన్నని లోహపు మడత ఒకటి తేలుతుంది. లేతు పనివారు దాన్ని బర్ అంటారు. వేలి కొనను వీపు వైపు నుంచి అంచు వైపుకు, అడ్డంగా మాత్రమే, రాసి చూస్తే అది తగులుతుంది. మొదలు నుంచి మొన దాకా బర్ తేలేవరకు వైపు మార్చకూడదు. ఈ ఒక్క ఓపిక లేకనే చాలామంది గంటసేపు నూరినా పదును రాలేదని విసుగుపడతారు. రెండో వైపు కూడా అలాగే నూరి, చివర ఒక్కో వైపు ఒక్కొక్క గీత చొప్పున ఒత్తిడి తగ్గిస్తూ పది గీతలు గీస్తే బర్ చాలావరకు రాలిపోతుంది. మిగిలినదాన్ని పాత తోలు బెల్టు లోపలి ముఖం మీద, ఈసారి వాదర వెనక ఉండేలా లాగుతూ ఇరవైసార్లు రాస్తే సరి.

పరీక్షకు పాత దినపత్రిక చాలు. గాలిలో పట్టిన కాగితాన్ని చాకు చప్పుడు లేకుండా కోస్తే పని పూర్తయినట్టు, ఎక్కడైనా చిక్కుకుంటే అక్కడ బర్ మిగిలి ఉంది. మామూలు వాడకానికి నెలకొకసారి తోలు మీద, ఆరు నెలలకొకసారి రాయి మీద చూసుకుంటే సరిపోతుంది.

శుభ్రం, నూనె, నిలవ

జేబులోని నూలుపోగులు, పండు రసం కీలు దగ్గర చేరి గట్టిపడతాయి. గోరువెచ్చని నీరు, ఒక చుక్క సబ్బు, పాత టూత్‌బ్రష్ తీసుకుని, నీటిలో చాకును పదిసార్లు తెరిచి మూస్తే మురికి బయటపడుతుంది. తరువాత గుడ్డతో తుడిచి, అలుగు సగం తెరిచి ఫ్యాను కింద రెండు గంటలు ఆరనివ్వాలి. చెక్కపిడి చాకును మాత్రం నీటిలో ముంచకూడదు.

నూనె అనగానే మన చేయి కొబ్బరినూనె సీసా వైపు వెళుతుంది. అది కొన్నాళ్లకు ముక్కవాసన వేస్తుంది, దుమ్మును పట్టి ఉంచుతుంది. నువ్వులనూనె ఇంకా చెడ్డది, గాలికి జిగురుగా గట్టిపడి కీలును బిగిస్తుంది. కుట్టుమిషను నూనె కీలుకు మంచిదే కాని పండ్లు కోసే అలుగుకు తగదు. మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ రెండు పనులకూ సరిపోతుంది. కీలులో ఒక చుక్క వేసి, పదిసార్లు ఆడించి, పైకి వచ్చినదాన్ని తుడిచేయండి, అలుగుకు కంటికి కనిపించనంత పలుచని పూత చాలు. వాడని చాకును పొడి నూలుగుడ్డలో చుట్టి, మందుసీసాల్లో వచ్చే సిలికా పొట్లాలతో కలిపి మూతగట్టి డబ్బాలో ఉంచండి.

ఆయుధపూజ నాడు ఇంట్లోని పనిముట్లన్నిటితో పాటు దీనికీ గంధం, కుంకుమ పెడతారు. తడి గంధం, కుంకుమ రాత్రంతా కార్బన్ ఉక్కు మీద ఉంటే మరునాడు విజయదశమికి మరక ఖాయం. బొట్టు పిడి మీదే పెట్టి, అలుగును మూసే ఉంచితే పూజకూ లోటు రాదు, ఉక్కుకూ రాదు.

ఇంట్లో వదిలి వెళ్లవలసిన చోట్లు

విమానంలో చేతి సంచిలో చాకు కుదరదు, లగేజీగా అప్పగించే పెట్టెలో పెట్టుకోవాలి. తాళంచెవుల గుత్తికి తగిలించిన 58 మిల్లీమీటర్ల చాకు చాలామందికి గుర్తుకొచ్చేది మీనంబాక్కంలో ఎక్స్‌రే ముందే, అక్కడ వదులుకోవడం తప్ప మార్గం ఉండదు. మెట్రో, కోర్టు, చేపాక్ స్టేడియం, సినిమాహాలు ఏదైనా సోదా ఉన్నచోటికి వెళ్లే రోజు జేబు ముందే ఖాళీ చేసుకోవాలి. చెన్నై తెలుగువారు తరచూ వెళ్లే తిరుమలకు అలిపిరి దగ్గర వాహనాలనూ సామాన్లనూ తనిఖీ చేస్తారు. కనుక దర్శనానికి బయలుదేరే ముందే గుత్తి నుంచి చాకును విడదీసి పూజగదిలోనో బీరువాలోనో పెట్టండి.

ఏళ్ల తరబడి నూరగా అలుగు సన్నబడుతుంది. మూసినప్పుడు మొన పిడి అంచును దాటి పైకి కనిపించడం మొదలైతే జేబులో వేలికి గుచ్చుకుంటుంది. అలుగు మొదట్లో, మూసినప్పుడు స్ప్రింగుకు ఆనే చిన్న బొడిపె ఉంటుంది. దాన్ని సన్నని ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీస్తే అలుగు మళ్లీ లోపలికి దిగుతుంది. ఒకేసారి ఎక్కువ అరగదీయకుండా, మధ్యమధ్య మూసి చూసుకుంటూ, మొన కనుమరుగు కాగానే ఆపేయాలి.